తిన్నాకే కబురు

కృష్ణమోహన్ సర్వర్ ఖాన్ ఇంటి ముందు కారు ఆపాడు గానీ, చాలాసేపు దిగలేదు.

పొద్దున పెషావర్ నుంచి ఫోన్ వచ్చింది. సర్వర్ ఖాన్ ఒక్కగానొక్క కొడుకు జల్మయ్ ఇక లేడు. ఈ శాంటా క్లారాలో జల్మయ్‌దీ కృష్ణమోహన్‌దీ ఒకే ఆఫీసు. తన దేశాన్ని ఆక్రమించిన రష్యా సైన్యంతో పోరాడతానంటూ ఉద్యోగం వదిలి వెళ్తూ, జల్మయ్ ఒక మాట తీసుకున్నాడు.

“నాకేమైనా అయితే మావాళ్ళకి ఫోన్‌లో చెప్పొద్దు. నువ్వే వెళ్ళి చెప్పు.”

మాటైతే ఇచ్చేశాడు. ఇప్పుడా గుమ్మం ఎక్కడమే ప్రాణం మీదికొచ్చింది.

వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులు కుప్పగా ఉన్నాయి. ఈ ఇంటికి చుట్టాలు రాని రోజు ఎప్పుడుందిలే, అనుకున్నాడు.

“రా బేటా, రా!” సర్వర్ ఖాన్ గుండెలకు హత్తుకున్నాడు. ఆయనది పెషావర్‌లో నేర్చిన ఉర్దూ, ఇతనిది హైదరాబాద్ ఉర్దూ. ఇద్దరికీ ఎప్పుడో కుదిరిపోయింది.

“కాకా, మీతో ఒక మాట...”

“ముందు భోజనం. కడుపు నిండకముందే ఏం పనిమీద వచ్చావని అతిథిని అడిగితే, మా పఠాన్లలో పరువు పోతుంది.”

నేలమీద దుప్పటి పరిచాడు. ఎండుద్రాక్షల పలావు, పాలకూర, రొట్టెలు, ఒక గిన్నెలో మాంసం వచ్చాయి. ఇతను మాంసం తినడని గుర్తే. ఆ గిన్నె పక్కకి జరిపి, పాలకూర ముందుకు తోశాడు. ఒక గిన్నెకీ ఇంకో గిన్నెకీ పొంతన లేదు. దేశం వదిలొచ్చిన సంసారం, దొరికినవి కొనుక్కుని ఉంటారు పాపం.

జల్మయ్ తల్లి కనపడలేదు. ఆవిడ పరాయి మగవాళ్ళ ముందుకు ఎప్పుడూ రాదు.

కృష్ణమోహన్ పలావు మెతుకులు వేళ్ళతో కెలుకుతున్నాడు. చల్లకొచ్చి ముంత దాచినట్టుంది తన పని. కానీ కంచం ముందు కూర్చుని చావు కబురెలా చెప్పడం? ముసలాయన కూడా తోడుగా ఒక రొట్టె ముక్క తుంచుకున్నాడు. ఈ ఒక్క పూటైనా నిశ్చింతగా తిననీ, అనుకున్నాడు కృష్ణమోహన్.

కాసేపటికి మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నాడు. “కాకా, మన జల్మయ్...”

“వాడికీ పలావులో ద్రాక్షలంటేనే ఇష్టం. ఏరుకుని తినేవాడు,” అని ముసలాయన నవ్వాడు.

ఆ నవ్వు చూసేసరికి కృష్ణమోహన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. మంచినీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

యాలకుల టీ కూడా అయిపోయింది. ఇంక వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ముసలాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నోరు తెరిచాడు.

సర్వర్ ఖాన్ అతని తల నిమిరాడు.

“ఆ మాట నీ నోటితో అనొద్దులే బేటా, పొద్దున్నే మసీదుకి కబురొచ్చింది, కొడుకు పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించం కదా, నువ్వు తిన్నదంతా పక్కిళ్ళవాళ్ళు మాకోసం తెచ్చిన అన్నమే.”