మెత్తని గొంతు

ప్రతి ఇంట్లోనూ గోడలో ఒక కాపలా పెట్టె వచ్చి ఏళ్లయింది. గొంతు పెరిగితే చాలు, అది పోలీసుల్ని పిలుస్తుంది. అందుకే స్వరూప మొగుడు ఏనాడూ అరవలేదు. "బంగారం, ఇటు రా" అని మెత్తగా పిలిచి, అరవకుండా నోరు నొక్కి కొట్టేవాడు. భార్యనీ అంతే, ఐదేళ్ల కూతురు మేఘననీ అంతే. వాళ్ల గుమ్మానికి 'ప్రశాంత గృహం' అన్న సర్కారు బిళ్ల కూడా ఉండేది.

స్వరూప చెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రి నర్సుకు అనుమానం వచ్చి, తల్లీకూతుళ్లను వరంగల్లోని ఆశ్రయ గృహానికి పంపింది. అక్కడ పిల్లలకు కౌన్సెలింగ్ చేసేది కూడా గోడలోని పెట్టే. దానికి వెన్నలాంటి గొంతు పెట్టారు.

"బంగారం, ఇటు రా. బొమ్మలు చూపిస్తాను," అంది పెట్టె.

మేఘన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. నిలబడ్డచోటే గౌను తడిసిపోయింది.

"గట్ల పిలవకు! గట్ల పిలిస్తే కొడతరనుకుంటది నా బిడ్డ!" స్వరూప మంచి చేత్తో గోడను గుద్దుతూ అరిచింది.

ఆ అరుపు వినగానే మేఘన చేతులు దించింది. అరిచినవాళ్లు కొట్టగా ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

"అమ్మా, ఇంకా గట్టిగ ఒర్రు," అంటూ తల్లివైపు అడుగేసింది.

పెట్టె ఆ అరుపును పట్టుకుంది. మరుక్షణం ఇద్దరి మధ్యా గాజు తలుపు జారుకుంటూ వచ్చి మూసుకుంది. అవతల స్వరూప నోరు కదులుతోంది, చప్పుడు మాత్రం రావడం లేదు.

"ఇంక భయం లేదు బంగారం," అంది పెట్టె, మరింత మెత్తగా. "నీ మీద ఎవ్వరూ అరవరు. ఇటు రా."