బస్సారు నీళ్ళు

అక్కయమ్మ తోటకూర ఉడకేసి నీళ్ళు వేరే గిన్నెలోకి వార్చింది. ఆ నీళ్ళతో బస్సారు కాచి, భర్తకు రాగిముద్దలోకి పెడదామని ఆమె ఆశ.

కారం నూరి ఇటు తిరిగేసరికి ఒకాయన ఆ నీళ్ళు మోరీలో పారబోస్తున్నాడు.

"ఏంటికప్పా పారబోస్తివి? సత్తువంతా దాంట్లోనే కదా ఉండేది."

"ఆ సత్తువే మీ ఆయన రక్తంలో నిలిచిపోతాండాదమ్మా. బయటికి తోసే కిడ్నీలు చెడిపోయినాయి."

చింతామణిలో ఆసుపత్రి వెనక, రోగుల తాలూకు వాళ్ళు వండుకునే రేకుల షెడ్డు అది. అక్కయమ్మది బట్లహళ్ళి. భర్త పిళ్ళప్ప ఒళ్ళంతా నీరు పట్టి పది రోజులుగా వార్డులో ఉన్నాడు.

నీళ్ళు పారబోసినాయన కైవారం మనిషి, రామాంజినప్ప. సన్నగా, పాలిపోయి ఉంటాడు. పిళ్ళప్ప తినేవన్నీ తక్కెడలో తూచి నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆసుపత్రి జీతగాడు కాబోలనుకుంది అక్కయమ్మ.

ఉప్పు వద్దన్నాడు. పప్పు తగ్గించమన్నాడు. కూర రెండుసార్లు ఉడకేసి రెండుసార్లూ నీళ్ళు వార్చెయ్యమన్నాడు.

ఇదేం పెత్తనమని ఆమె డాక్టరమ్మతో మొరపెట్టుకుంది. ఆయన చెప్పినట్టే చెయ్యమంది డాక్టరమ్మ.

ఒక మధ్యాహ్నం పిళ్ళప్ప దాహమని బతిమాలాడు. మనసాగక, ఎవరూ చూడకుండా రెండు ఎలనీళ్ళ బొండాలు తాగించింది.

సాయంత్రానికి అతని కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. నాడి మందగించింది. ఏమైందో నర్సులకు అంతుబట్టలేదు. అక్కయమ్మ భయంతో ఖాళీ బొండాలు మంచం కిందికి తోసేసింది.

రామాంజినప్ప వంగి మంచం కింద చూశాడు. ఖాళీ బొండం పట్టుకుని, గోడ ఆసరాగా నడుస్తూ డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. ఎలనీళ్ళలోని లవణం రక్తంలో పేరుకుందని, ఆమె వచ్చి వెంటనే సూదిమందు వేసింది.

మర్నాడు పిళ్ళప్ప కళ్ళు తెరిచి గంజి అడిగాడు.

అక్కయమ్మ తలెత్తలేకపోయింది. రామాంజినప్ప తిట్టలేదు.

"తెలిసుంటే ఇస్తావామ్మా నువ్వు?" అన్నాడు.

ఆనాటి నుంచి ఆయన మాట జవదాటలేదు. నెలకు వాపు తీసింది. రక్తంలో యూరియా దిగిందని డాక్టరమ్మ చెబితే, అది చేలో చల్లేదే కదా అని పిళ్ళప్ప నవ్వాడు కూడా.

ఇంటికెళ్ళిన మూడు నెలలకు అతను చేను దాకా నడవగలిగాడు. ఆ వారమే అక్కయమ్మ అనపకాయలు మూటగట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. షెడ్డులో రామాంజినప్ప లేడు.

"ఆయన యాడుండాడమ్మా? మీ జీతగాడు?" అని డాక్టరమ్మను అడిగింది.

పోయిన నెలలోనే కాలం చేశాడని చెప్పింది డాక్టరమ్మ.

"ఆయన మా జీతగాడు కాదు అక్కయమ్మా. మీ ఆయన జబ్బే ఆయనకూ. తాను బతకనని తెలిసి, నాలుగేండ్లు వారానికొక రకం తిండి తిని, పరీక్షకు రక్తం ఇచ్చినాడు. ఏది తింటే రక్తంలో ఏది పెరుగుతాదో మేము నేర్చుకునింది ఆయన ఒంట్లోనే."