తిమ్మన్న గొర్రెమేక

"లోకంలో ఎవరింట్లోనూ లేని జంతువు మా ఇంట్లో ఉండాది," అన్నాడు తిమ్మన్న, సుంకులమ్మ గుడి ముందు నిలబడి.

జాతరకు పది రోజులే ఉంది. తిమ్మన్న జ్వరంతో మంచం పట్టినప్పుడు, అతని భార్య హులిగెమ్మ తమ ఒకే ఒక్క పొట్టేలును అమ్మవారికి మొక్కుకుంది. తిమ్మన్న బతికాడు. ఇప్పుడు పొట్టేలు చావాలి. నిరుడు పసికూనగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిన జీవం. తిమ్మన్నకు ముద్ద దిగడం లేదు.

"అది పొట్టేలే కాదప్పా! తల్లి గొర్రె, తండ్రి మేకపోతు. కండ్లారా చూసినా. మొక్కింది పొట్టేలును గదా, దీన్నెట్ల కోస్తారు?"

"వినొద్దు పూజారీ!" హులిగెమ్మ గయ్యిమంది. "ఈయప్ప నోరు తెరిస్తే అబద్ధమే. మొక్కు మొక్కే!"

పూజారి గోపన్న బుర్ర గోక్కున్నాడు. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. గొడ్లకు సూదులు వేయడానికి అక్కడి నుంచి డాక్టరు వచ్చి ఉంటే, ఆయన్నే అడిగారు.

"కొమ్ములూ తోకా చూసి జాతి తేల్చలేం," అన్నాడు డాక్టరు. "గొర్రెకూ మేకకూ పుట్టిన పిల్ల బతకడమే అరుదు. బతికినా దానికి సంతానం కలగడం కష్టం. దీన్ని గొర్రెల్లో వదలండి. ఏడాదిలో అవి ఈనితే ఇది పొట్టేలే."

మొక్కు మరుసటి జాతరకు వాయిదా పడింది. తిమ్మన్న గుండెల్లో రాయి పడింది. ఉన్నవి పన్నెండు గొర్రెలు. ఒక్కటి ఈనినా పొట్టేలు ప్రాణం పోతుంది, పైగా తన పరువూ పోతుంది!

పగలు మందను గుట్ట మీదికి తోలుకుపోయేది హులిగెమ్మ. రాత్రిళ్లు పొట్టేలు ఎప్పట్లాగే తిమ్మన్న మంచం పక్కన. రోజూ సాయంత్రం అతను గొర్రెల పొట్టలు తడిమి చూసేవాడు. నెలలు గడిచాయి. ఒక్కటీ చూడి కట్టలేదు.

జాతర వచ్చింది. గోపన్న టెంకాయతో సరిపెట్టాడు. "పాపం తగులుతాదో ఏమో!" అని హులిగెమ్మ అందరికీ వినపడేలా నెత్తి కొట్టుకుంది.

ఇంటికొచ్చాక తిమ్మన్న ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఏమ్మే, ఆ మేకపోతు సంగతి నేనల్లిందే. కండ్లారా చూసిందీ లేదు, పాడూ లేదు. అల్లింది కాస్తా నిజమై కూచుంది, చూడు!"

హులిగెమ్మ పొట్టేలు మెడ నిమురుతూ కిసుక్కున నవ్వింది.

"నిజమూ కాదు, నీ మొగమూ కాదు! అది గొర్రెల మీదికి పోకుండా, దినామూ గుట్ట దాటగానే దాని కడుపు కింద గోనెపట్టా కట్టి, ఊరు చేరకముందే విప్పింది నేను!"