పచ్చదీపం సాక్ష్యం

నోటిమాటకు కోర్టులో విలువ పోయి చాలాకాలమైంది. మనిషి పుట్టగానే మణికట్టుకు కట్టే పట్టీ ఏం చెబితే అదే సాక్ష్యం. గుండె అదిరితే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం.

రొయ్యల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ తనను చెరిచాడని నూకరత్నం కేసు పెట్టింది. ఆ వేళ ఆమె పట్టీ పచ్చగానే వెలిగిందని రికార్డులో తేలింది.

"గుండె అదరలేదంటే ఇష్టపడే వెళ్లావన్నమాట. అంతేనా అమ్మాయ్?" అన్నాడు సూపర్‌వైజర్ లాయరు, పళ్లికిలిస్తూ.

బెంచీ మీద ఆమె తండ్రి పైడయ్య పళ్లు నూరాడు. ఫ్యాక్టరీలో ఎర్రదీపం వెలిగితే ఆ రోజు కూలి కోస్తారు. పనిలో చేరిన నాటి నుంచీ పిల్ల గుండెను అణుచుకోవడమే నేర్చుకుంది. ఆ సంగతి ఈ నల్లకోట్లకు ఎవడు చెప్పాలి?

నూకరత్నం జడ్జి వైపు చెయ్యెత్తింది. "బాబూ, ఇంతమంది మగోళ్ల ముందు నా ఒంటి గురించి అడుగుతున్నారు. సిగ్గుతో సచ్చిపోతన్నాను. అయినా సూడండి, పచ్చగానే ఉంది. ఇదీ నాకిష్టమేనంటారేటి?"

జడ్జి పట్టీని చూశాడు గాని ఆమె మొహం చూడలేదు.

"పట్టీ బాగానే పనిచేస్తోంది" అని కేసు కొట్టేశాడు.

హాలు మొత్తంలో ఎర్రగా వెలిగింది పైడయ్య పట్టీ ఒక్కటే. గొడవ చేస్తాడని పోలీసులు రెక్కపట్టి ఈడ్చుకుపోయింది అతణ్ణే.