జానెడు నక్షత్రం

"అయ్యోరమ్మా, మీ నక్షత్రం తెచ్చినా!"

వీధి మొదట్లోనే కేక పెట్టాడు లాల్ సాహెబ్. పీర్ల పండగకు కాగితం పూలు కట్టే మనిషి. వెదురు దబ్బలకు ఎర్రకాగితం అంటించి చేసిన నక్షత్రాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. దాని కింద మనిషి కనపడడం లేదు. నక్షత్రానికే కాళ్లొచ్చి ఆళ్లగడ్డ వీధిలో నడుస్తున్నట్టుంది. జనం పనులు వదిలేసి వాకిళ్లలోకి వచ్చారు.

వంటింట్లో కృపావతి చేతిలోని గరిటె జారి కింద పడింది. తను చెప్పింది జానెడు నక్షత్రం. బట్టలో చుట్టి, దొడ్డిదారిన, చడీచప్పుడు లేకుండా తెమ్మంది. రేపే క్రిస్మస్. తలుపు వేసుకుని, దాన్ని ట్రంకుపెట్టె మీద పెట్టుకుని కాసేపు చూసుకోవాలని ఆమె ఆశ.

అరుగు మీద కందులు చెరుగుతున్న ఇంటామె రామేశ్వరమ్మ చేట పక్కన పెట్టింది. బేతంచెర్ల బండలు పరిచిన ఆ ఇల్లంటే ఆమెకు ప్రాణం. పోయిన ఏడు అద్దెకున్నాయన ఆ బండల మీద ఆకువక్క ఉమ్మాడు. ఉమ్మినందుకు కాదు, ఉమ్మలేదని బొంకినందుకు అతని సామాను వీధిలో పెట్టించింది.

"ఏందప్పా ఇది?" అంది.

లాల్ సాహెబ్ జవాబు చెప్పేలోగా కృపావతి భర్త రాజరత్నం బనీనుతోనే పరుగెత్తుకొచ్చాడు. బోర్డు హైస్కూల్లో అయ్యవారు. ఈ ఊరికి బదిలీ అయినప్పుడు, కిరస్తానపోళ్లని తెలిసి మూడిళ్లవాళ్లు తలుపు వేశారు. అందుకని ఈ ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. పెళ్లాం పేరు పార్వతి అని చెప్పేశాడు.

"స్కూలుకమ్మా! పిల్లోళ్లకు నక్షత్రాల పాఠం చెప్పల్ల."

"నిన్నట్నుంచి సెలవులంటివే. ఇంగ పాఠం ఎవురికి? గోడలకా?"

రాజరత్నం బనీను కిందికి లాక్కున్నాడు. "అంటే... ముందే సిద్ధం చేసి పెట్టుకుందామని."

"అట్లనా! అయితే బేగా స్కూలుకే తీసకపో. ఈడెందుకు?"

లాల్ సాహెబ్ గడ్డం గోక్కుంటూ ఆకాశంలోకి చూశాడు. చొక్కా వేసుకొస్తానని రాజరత్నం లోపలికొచ్చాడు. కృపావతి తలుపుకు అడ్డం నిలబడింది.

"దాన్ని స్కూల్లో పడేసొస్తారా?" గొంతు తగ్గించి అడిగింది.

"ఏం చేయమంటావ్ మే? సాయిబు కొంప ముంచినాడు. ఈ ఇల్లు కూడా పోతే యాడికి పోదాం?"

"ఆర్నెల్లుగా ప్రార్థన నోట్లోనే, పాటా నోట్లోనే."

"దేవునికి కనపడతాంది కదా. సాలదా?"

"దేవునికి కనపడతానేమో. దాపెట్టి దాపెట్టి నాకు నేనే కనపడకుండా పోతాండా."

 రాజరత్నం చొక్కా గుండీలు ఒకటి వదిలేసి ఇంకొకటి పెట్టుకుంటున్నాడు. కృపావతి కొంగుతో చెయ్యి తుడుచుకుని నేరుగా అరుగు మీదికి వెళ్లింది.

"అమ్మా, ఆ నక్షత్రం స్కూలుకు కాదు. నాది. మేం కిరస్తానపోళ్లం. ఆదివారం ఆదివారం నంద్యాలకు పోయేది జబ్బు పడిన అక్కను చూసేదానికి కాదు, చర్చికి. నా పేరు పార్వతి కాదమ్మా, కృపావతి."

 ఆర్నెల్ల తర్వాత తన పేరు తన నోటితో గట్టిగా చెప్పుకుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అబద్ధం చెప్పినాం. తప్పే. పొమ్మంటే పోతాం. నక్షత్రం మాత్రం మాతోనే వస్తాది."

 రామేశ్వరమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచి, లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో పొడుగాటి తాడుంది. సామాను కట్టుకోడానికే అనుకున్నాడు రాజరత్నం.

"అమ్మా, రెండు దినాలు గడువియ్యండి," అన్నాడు.

"రెండు దినాలా? పండగ అయిపోయినాంక కడతావా?" అని, ఆమె తాడు లాల్ సాహెబ్ మీదికి విసిరింది. "ఏం చూస్తాండావ్? ఎక్కి ఆ వాకిటి దూలానికి కట్టు. బండల మీద జిగురు పడిందంటే చూడు!"

లాల్ సాహెబ్ తాడు భుజాన వేసుకుని దూలం ఎక్కాడు.

"మీకు తెలుసా అమ్మా?" అంది కృపావతి.

"ఆదివారమే జబ్బు పడే అక్క యాడుంటాది మే? సంగటి ముందర పెట్టుకుని ఇద్దరూ కండ్లు మూసుకుని గొణుగుతాంటే నాకు కనపడలేదా? ఎప్పుడు నోరిప్పుతావా అని చూస్తాంటి. మొగోని వల్ల కాదని మొదటి దినమే తెలుసు."

కృపావతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏం చేయాలో తెలియక లాల్ సాహెబ్ మీద పడింది.

"నేను చెప్పింది జానెడు కదా సాయిబూ! ఇంతది ఎందుకు చేసినావ్?"

దూలం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న లాల్ సాహెబ్, ఇంటామె వైపు చూసి ఇకిలించాడు.

రామేశ్వరమ్మ మళ్లీ చేట అందుకుంది. "వాన్నేం అడగొద్దు. వెదురు దబ్బల కోసం నా కొట్టానికే వచ్చినాడు. జానెడు నక్షత్రం కడితే వీధిలో నా ఇంటి పరువేం కావల్ల? బస్సు దిగినోనికి ఆన్నుంచే కనపడల్లని నేనే చెప్పి చేయించినా!"