ఆఖరి పేజీలో తలుపు

మా ఆయన లెయాంద్రో, వెరాక్రూజ్ నగరంలో ఇరవై ఏళ్లు విలేఖరి. కనిపించకుండా పోయినవాళ్ల గురించి రాసేవారు. రూఢి కానిది ఒక్క ముక్క రాసేవారు కాదు. పత్రిక ఆ వార్తలు వేయడం మానేశాక నవలకు కూర్చున్నారు. అది పూర్తయ్యేసరికి జుట్టు నెరిసింది.

పుస్తకం వచ్చిన వారానికే హెర్మీనియక్క మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు మాయమయ్యాడని మొదట పత్రికలో రాసింది ఈయనే.

"నీ నవల చివర్లో తలుపు తట్టేది మావాడేగా తమ్ముడూ?"

"అది కల్పనక్కా. వాడి జాడ నాకూ తెలీదు."

"ఆ మాత్రం నాకు తెలీదనుకున్నావా? నువ్వు నిజాలు రాసినన్నాళ్లూ వాడు రాలేదు. ఇందులో గుమ్మం దాకా వచ్చాడు."

నేను దాల్చినచెక్క వేసి కాఫీ పెట్టాను. ఎవరూ ముట్టలేదు. ఆమె ఆఖరి పేజీ తెరిచి, అడుగున మిగిలిన ఖాళీ చూపించి, ఆయన చేతికి పెన్ను ఇచ్చింది.

"తట్టగానే ఆపేశావు. నేను తలుపు తీసినట్టు నాలుగు ముక్కలు రాయి."

ఆయన పెన్ను మూత తీసి, పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. పాత విలేఖరిలాగే అడిగారు.

"తలుపు తీసి, వాణ్ణి చూసి, ముందుగా ఏమంటావక్కా?"

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్లూ వాడి కోసం దాచుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.