ఒక్క నంబరు

పొద్దున తొమ్మిదింటికి అనసూర్య కంప్యూటర్ తెరిచేసరికి, ఆమె పదహారేళ్ల కష్టం కనబడలేదు.

"మీ ఖాతాలో అసాధారణ కదలిక గుర్తించాం. భద్రత కోసం తాత్కాలికంగా నిలిపివేశాం."

తెర మీద ఆ రెండు ముక్కలే ఉన్నాయి.

ఆ కదలికేమిటో ఆమెకు తెలుసు. నిన్న గోదావరిఖనిలో రక్తదాన శిబిరం జరిగింది. మూడు వందల మంది ఒకేసారి తమ పేర్లు తెరిచి చూసుకున్నారు. ఆ పేర్లు దాచే కంపెనీ మిషన్‌కు అది దొంగతనంలా కనబడింది.

మొత్తం నాలుగు వేల మంది రక్తదాతల పేర్లు. ఎవరిది ఏ గ్రూపు, ఏ నంబరు, చివరిసారి రక్తం ఎప్పుడిచ్చారు, అన్నీ అందులోనే. బొగ్గుబాయిలో పైకప్పు కూలి, సమయానికి రక్తం దొరక్క తమ్ముడు పోయిన ఏడాది నుంచి ఒక్కొక్కటే పోగేసింది. మొదట్లో పుస్తకాల్లో రాసేది. రెండేళ్ల కింద అన్నీ ఎక్కడో దూరాన ఉన్న ఆ కంపెనీ కంప్యూటర్లలోకి ఎక్కించి, పుస్తకాలు పారేసింది.

"మీరు నిశ్చింతగా ఉండండి, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నారు వాళ్లు. నకళ్లు కూడా వాళ్ల దగ్గరే.

ఇల్లూ వాళ్లదే, తాళంచెవీ వాళ్లదే.

"నాకు మనిషితోని మాట్లాడాలె" అని రాసి పంపింది.

"మీ సందేశం మాకెంతో ముఖ్యం" అంది మిషన్.

"ఇక్కడ ప్రాణాలతోని పని."

"ఈ కింది వ్యాసాలు మీకు ఉపయోగపడవచ్చు."

అనసూర్యకు ఒళ్లు మండిపోయింది.

"అక్కా, రక్తం సంగతి..."

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నలభై ఏళ్లుంటాయి. నీలం చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా.

ఆ గుమ్మం తొక్కేవాళ్లంతా రక్తం కోసం వచ్చేవాళ్లే.

"కూసో తమ్మీ" అని మళ్లీ తెర వైపు తిరిగింది.

అతను బల్ల మీద కూర్చున్నాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది.

"అక్కా, జైపూర్ డ్యూటీ బస్సుకు టైమైతుంది. ఒక్క నంబరు..."

"నంబర్లు ఏడున్నయ్ తమ్మీ? అన్నీ దాంట్లనే ఇరుక్కున్నయ్."

"జర కాగితం మీదన్న రాసి..."

"ఏం రాయాలె? నాలుగు వేల నంబర్లు నాకేమన్న నోటికున్నయా? పొద్దటి సంది గీ మిషన్‌తోని కొట్లాడుతున్న, కనబడ్తలేదా? రేపు రాపో!"

అతని ముఖం చిన్నబోయింది.

"మంచిదక్కా. ఫికర్ చెయ్యకు, రేపొస్త."

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన అరగంటకు ఫోన్ మోగింది. దవాఖాన నుంచి నర్సు రాజకుమారి.

"అక్కా, ఓ నెగెటివ్ కావాలె, జల్ది! కాన్పయింది, నెత్తురు ఆగుతలేదు. ఇరవై రెండేండ్ల పిల్ల. మన తాన ఒక్క ప్యాకెట్ లేదు."

ఆ గ్రూపు వాళ్లు లిస్టులో ఇరవై మంది దాకా ఉన్నారు. అనసూర్య సెల్‌ఫోన్లో మాత్రం ఇద్దరే.

నర్సింగం నెల కిందటే ఇచ్చాడు, ఇప్పట్లో ఇవ్వకూడదు.

రెండో మనిషి ఖైజర్. ఆరేళ్లుగా, ఫోన్ చేయగానే ఎంత పనున్నా నేరుగా దవాఖానకు పోయి ఇచ్చి వచ్చేవాడు. ఫోన్లో గొంతు వినడమే తప్ప ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు.

"మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు."

"నంబరు మారిస్తె ఒక్క మాట చెప్పొద్దా? ఏం మనుషులో!" అంది అనసూర్య పళ్లు కొరుకుతూ.

మళ్లీ కంపెనీ మీద పడింది. పన్నెండింటికి ఎట్టకేలకు ఒక మనిషి గొంతు పలికింది.

"మేడం, మీ ఫిర్యాదు వరుసలో ఉంది. ఇరవై నాలుగు గంటల్లో పరిశీలిస్తాం."

"ఇరవై నాలుగు గంటలు నెత్తురు కారితె మనిషి దక్కుతదా బిడ్డా?"



"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడం."

"అసౌకర్యమా! గా పిల్లకు చెప్తవా ఈ మాట?"

లైను కట్టయింది.

కరీంనగర్ నుంచి రక్తం వచ్చేసరికి రెండు దాటింది. రాజకుమారి ఏడుస్తూ ఫోన్ చేసింది.

"పానం దక్కిందక్కా. గర్భసంచి తీసేసిండ్రు. గంట ముందు రక్తం అందితె తీసుడు తప్పేదంటున్నడు డాక్టరు."

అనసూర్య చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

నాలుగింటికి, ఏమీ జరగనట్టు, లిస్టు దానంతటదే తెరుచుకుంది. వెనకే కంపెనీ ఉత్తరం.

"మా సేవలపై మీ అనుభవం పంచుకోండి. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

ఒక్క నక్షత్రం నొక్కింది. కింద రాసింది:

"అన్నీ మేమే చూసుకుంటామన్నరు. ఆపద మీద ఉన్న మనిషి ఏం చెప్తున్నడో ఆగి వినే దిక్కు లేదు మీ దగ్గర. మీ వల్ల ఒక ఆడపిల్ల జన్మంత బాధ పడాలె."

పంపేసింది. కోపం చల్లారలేదు.

పనికిరాని నంబరు ఇంకొకరి ప్రాణం మీదికి తేకూడదని, ముందు ఖైజర్ పేరు కొట్టేద్దామనుకుంది. అతని పేజీ తెరిచింది. పదిహేడు సార్లు రక్తం ఇచ్చినట్టుంది. ఎప్పుడో అతనే అందులో పెట్టుకున్న ఫొటో ఒకటి పక్కన ఉంది.

అనసూర్య చెయ్యి ఆగిపోయింది.

ఆ ఫొటోలో ఉన్నది, పొద్దున టిఫిన్ డబ్బాతో వచ్చి, తన కొత్త నంబరు రాసుకొమ్మని బతిమాలిన మనిషి.